లేచాడు: నలభై తొమ్మిది గంటలు

నెలాఖరు రోజు ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదికి కాఫీ, తొమ్మిదిన్నరకు టైమ్‌షీట్, పదికి దాన్ని కంపెనీకి పంపడం, పదీ అయిదు నుంచి విశ్రాంతి. ఇళ్లు కట్టే కంపెనీకి ఇంట్లోనే కూర్చుని ప్లాన్లు గీసి ఇవ్వడం అతని పని. మూడేళ్లుగా గంటల లెక్కన గీస్తున్నాడు. ఈసారి మాత్రం నెల మొదట్లోనే అకౌంట్స్ మేడమ్ ఒక మాట అంది. "ఉజ్జాయింపు లెక్కలొద్దు, ఏ గంట ఏం చేశారో వివరంగా రాసి పంపండి. నూట ఎనభై గంటలకి తగ్గకపోతే వచ్చే నెల నుంచి నెల జీతం మీద తీసుకుంటాం." షీట్ నెలాఖరు రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు చేరాలి. గంటల లెక్కలో ఖాళీగా కూర్చున్న గంట నష్టం. నెల జీతంలో అదే గంట లాభం. ఈ తేడా తెలిసినవాడు కనుక అతనికి ఆ ఉద్యోగం మీద ప్రాణం.

అందుకే నెల కిందట ఒక పద్ధతి మొదలుపెట్టాడు. చాలా చవకైన పద్ధతి. కంప్యూటర్‌లో రోజుకో నోట్స్ ఫైలు. అందులో హంగులేమీ ఉండవు, వట్టి అక్షరాలే. మొదట సమయం, ఆ పక్కన పని పేరు, రెండు చుక్కలు, తరువాత వివరం. నెలాఖరున ఒక చిన్న ప్రోగ్రాం ఆ ఫైళ్లన్నీ చదివి, ఏ పేరు మీద ఎన్ని గంటలో కూడి, టైమ్‌షీట్ చేసి ఇస్తుంది. ప్రోగ్రాం రాసిపెట్టింది బావమరిది, ఊరికే. డబ్బు పెట్టి కొన్న సరుకునైతే తిరగేసి చూస్తాం. ఊరికే వచ్చినదాన్ని ఎవరు చూస్తారు? అది ఎలా కూడుతుందో అతను అడగలేదు.

ఇంట్లో కంప్యూటర్ ఒకటే. కర్టెన్లు కుట్టి ఇచ్చే భార్య కూడా తన గంటలు అదే ఫైలులో 'కర్టెన్లు:' అని రాసుకుంది. ఒకే ఇంటికి రెండు పద్దులు దండగని చెప్పింది భర్తే.

తొమ్మిదిన్నరకు అతను మీట నొక్కాడు. షీట్ వచ్చింది. కర్టెన్లు, ఎనభై ఎనిమిది గంటలు. ప్లాను, అరవై ఒక్క గంటలా ఇరవై నిమిషాలు. మూడో వరుసలో 'లేచాడు', నలభై తొమ్మిది గంటలు.

లేచాడు అనే పేరుతో కంపెనీ ఏ ఇల్లూ కట్టడం లేదు. అతను నెల మొదట్లోని ఒక ఫైలు తెరిచాడు.

'9:10 - 9:34 ప్లాను: రెండో ఇల్లు, మెట్లు.'

'9:34 - 9:56 లేచాడు: పక్కింటివాళ్లు కుక్కకి స్నానం చేయిస్తుంటే కిటికీలోంచి చూశాడు.'

'11:05 - 11:40 లేచాడు: పెన్సిల్ వెతికాడు. పెన్సిల్ చెవి మీదే ఉంది.'

అతను తల తిప్పి ఎదురు కుర్చీలో కూర్చున్న తల్లిని చూశాడు. ఆవిడ తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటోంది.

"అమ్మా, ఇది నువ్వు రాశావా?"

"మరెవరు రాస్తారు? నువ్వు తొమ్మిదీ పది అని వేసి వదిలేస్తావు. ఎప్పుడు ఆపావో రాయవు. తెరిచిన పద్దు తెరిచినట్టే ఉంటే నాకు అన్నం సహించదు. రోజూ సాయంత్రం మూసేదాన్ని."

"సాయంత్రం ఆరు అని వేసి మూసేస్తే పోయేది కదా."

"నువ్వు ఆరు దాకా కూర్చుని ఉంటే అదే వేసేదాన్ని."

ఆవిడతో వాదన పెట్టుకునే ముందు ఆవిడ సర్వీసు గుర్తుంచుకోవాలి. నూలు మిల్లు గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు టైమ్‌కీపర్‌గా చేసింది. ఎనిమిది వందల మంది లోపలికి వెళ్లిన నిమిషం, బయటికి వచ్చిన నిమిషం ఆవిడ చేతి మీదుగా నడిచాయి. చివరి పదేళ్లూ కంప్యూటర్ మీదే రాసింది. రిటైరయ్యాక ఎనిమిది వందల మంది పోయి ఒక్కడు మిగిలాడు. చూపంతా వాడి మీదే పెట్టింది.

"అత్తయ్య ఒక్క నిమిషం కూడా తప్పు రాయరండీ," అంది భార్య, మిషను ఆపకుండానే. "నాకూ మూడుసార్లు 'లేచింది' వేశారు. పొయ్యి మీద పాలు పొంగితే లేచానని చెప్పి తీయించుకున్నాను."

"నాకూ తీసేయమ్మా."

"నీకేం పొంగింది?"

నిజాయితీపరుడైతే అరవై ఒక్క గంటలు పంపి ఊరుకుంటాడు. అతను నిజాయితీపరుడే, కానీ ఇంకా నూట పంతొమ్మిది గంటలు తక్కువ. కుర్చీలోంచి లేచినా బుర్ర పని చేస్తూనే ఉంటుంది కదా అనుకున్నాడు. కుక్క స్నానం చూస్తున్నప్పుడు కూడా అతని మనసులో మెట్లే ఉన్నాయి. ఈ న్యాయం దొరికాక, 'లేచాడు' అన్న చోటల్లా 'ప్లాను' అని పడేలా కంప్యూటర్‌కి ఒక్క ఆజ్ఞ ఇచ్చాడు. ప్రోగ్రాం మళ్లీ నడిపితే నూట పది గంటలు తేలాయి.

ఇంకా చాలదు. షీట్‌లో కర్టెన్ల వరుస కూడా ఎబ్బెట్టుగా ఉంది. కంపెనీకి కర్టెన్లతో ఏం పని? ఫైళ్లన్నింటిలోంచి 'కర్టెన్లు:' అన్న మాటను తీసేశాడు.

"నా గంటలు ముట్టుకుంటున్నారా?" అంది భార్య.

"గంటలు కాదే, పేరు మాత్రమే తీశాను."

మీట నొక్కాడు. ప్లాను, నూట తొంభై ఎనిమిది గంటలా ఇరవై నిమిషాలు. ఇంకే వరుసా లేదు.

సంగతేమిటంటే, పేరు లేని పద్దు కనబడితే బావమరిది ప్రోగ్రాం దాన్ని పై పద్దు పేరుకే జమ చేస్తుంది. భార్య కుట్టిన కర్టెన్లన్నీ భర్త గీసిన ప్లానులో చేరాయి. బస్తాలోంచి తీస్తున్నకొద్దీ బరువు పెరుగుతుంటే తెలిసినవాడు కాటా వంక చూస్తాడు. ఇతను బరువే చూశాడు. వివరాల పేజీలు తిరగేయకుండా, పదీ నలభైకి షీట్ పంపి కాళ్లు చాపుకున్నాడు.

షీట్ ఒక ప్రతి మేడమ్‌కీ ఇంకొకటి సైటు సూపర్‌వైజర్‌కీ వెళుతుంది. పది నిమిషాల్లో సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. అతను ఎప్పటిలాగే ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు.

"సార్, మీ షీట్ చదివాను. మూడో నంబరు ఇంటికి మీరు రాసింది కరెక్టేనా?"

అతని గుండె గంటల దగ్గరే కొట్టుకుంటోంది. ఒక్క పద్దు కదిలించినా నూట ఎనభై నిలవదేమోనని భయం.

"అంతా కరెక్టే అండీ. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు."

"మేం వేరేగా చేశాం మరి."

"షీట్‌లో ఉన్నదే ఖాయం చేసుకోండి."

"సరే సార్. మీ మాట మీదే మొదలుపెట్టిస్తున్నాను." ఏం మొదలుపెడుతున్నాడో అతను అడగలేదు. షీట్ మీద సంతకాల పనే అయి ఉంటుందనుకున్నాడు.

పదకొండుంబావుకు మేడమ్ ఫోన్.

"పన్నెండో తారీఖున పది నుంచి పన్నెండు దాకా మీరు రెండో ఇంటి మెట్లు గీశారు. అదే రెండు గంటలు మూడో ఇంటి కిటికీల మీద కూడా ఉన్నారు. ఎలాగండీ?"

"నేను రెండు పనులూ కలిపి చేస్తుంటాను మేడమ్."

"కుక్క స్నానం దేనితో కలిపి చేశారు?"

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "అది డ్రైనేజీ వాలు గురించి మేడమ్. నీళ్లు ఎటు పోతున్నాయో పరిశీలించాను."

"పన్నెండయ్యేదాకా చదువుతాను," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పదకొండూ ముప్పై అయిదుకు మళ్లీ సూపర్‌వైజర్. ఫోన్‌లో దడదడమని చప్పుడు.

"సార్, ఏడో కిటికీకి గోడ కొట్టేశాం. ఎనిమిదోది స్నానాల గదిలోకి వస్తోంది, ఫరవాలేదా?"

"ఎనిమిదోదేమిటి? ఆ ఇంటికి ఆరే కదా కిటికీలు."

"ప్లానులో ఆరే. మేం పెట్టినవీ ఆరే. మీ షీట్‌లో 'మూడో నంబరు ఇల్లు, తొమ్మిది కిటికీలు' అని ఉంది. కరెక్టేనా అని అడిగితే అక్షరం మార్చొద్దన్నారు. ఎనిమిది వరకూ ఎలాగో సర్దుతాం. తొమ్మిదోదానికి ఇంక గోడ లేదు సార్."

మిషను చప్పుడు ఆగిపోయింది. "తొమ్మిది కిటికీలా?" అంది భార్య. "అది నా పద్దు. మన వీధిలో మూడో నంబరు ఇంటివాళ్లకి కర్టెన్లు కుట్టాను కదా. మీ కంపెనీ షీట్‌లోకి ఎలా వెళ్లింది?"

అప్పుడతనికి కాటా కనబడింది. కిటికీలు ఆరేనని చెబితే గోడ ఆగుతుంది, షీట్ తప్పని తేలుతుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఉద్యోగం ఇంకో పాతిక నిమిషాలు నిలుస్తుంది, గోడ పోతుంది. రెండూ బేరీజు వేసుకుంటూ ఫోన్ పట్టుకుని నిలబడిపోయాడు. అవతల సమ్మెట ఆగలేదు.

"చెప్పండీ," అంది భార్య. "లేకపోతే ఎవరింట్లోనో స్నానాల గది రోడ్డుకి కనబడుతుంది."

తల్లి లేచి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "బాబూ, పని ఆపించు. కిటికీలు ఆరే. తొమ్మిది మా కోడలి లెక్క. నీ షీట్‌లో మావాడి గంటలు అరవై ఒకటే, మిగతావి వాడివి కావు." తరువాత సూపర్‌వైజర్‌నే మేడమ్ నంబరు అడిగి, తనే కలిపి, కొడుకు వద్దని సైగలు చేస్తుంటే అతనికి వీపు తిప్పి కూర్చుంది.

"అమ్మా, నేను డ్రాఫ్ట్స్‌మన్ తల్లిని. పన్నెండో తారీఖు పద్దు అడిగారట. పదింటికి కూర్చున్నాడు. పదీ పద్దెనిమిదికి లేచి అద్దంలో జుట్టు చూసుకున్నాడు. పదీ ముప్పై ఒకటికి కూర్చున్నాడు. పదకొండూ రెండుకి లేచాడు, ఎందుకో వాడికీ తెలియదు. నెల మొత్తం చదవమంటే చదువుతాను."

"అక్కర్లేదమ్మా," అంది మేడమ్. "ఈ నెల ముప్పై మంది షీట్లు వచ్చాయి నాకు. అందరూ తొమ్మిదికి కూర్చుని ఆరుకి లేచారు. మధ్యలో ఒక్కరూ మంచినీళ్లు తాగలేదు. పదిహేనేళ్లలో నిజం రాసిన షీట్ చూడటం నాకిదే మొదటిసారి. మీరెక్కడ చేసేవారు?"

"మిల్లు గేటులో."

"మళ్లీ చేస్తారా? ఇంట్లోంచే. అందరి షీట్లూ మీకు పంపిస్తాను, మీరు చూసి దాటిస్తే చాలు. నెల జీతం ఇస్తాం. ఒక్క పోస్టే ఉంది, అది మీకే ఇస్తాను."

తల్లి ఫోన్‌ను చేత్తో మూసి కొడుకు వైపు తిరిగింది. "నీకేమైనా అభ్యంతరమా?"

"అది నా ఉద్యోగం అమ్మా."

"నీదైతే వాళ్లు నన్నెందుకు అడుగుతారు?" అని, ఫోన్‌లో, "రేపు తొమ్మిదికి కూర్చుంటానమ్మా," అంది.

అతను గంటల లెక్కలోనే మిగిలాడు. మూడో ఇంటి గోడ పూడ్చడానికి మేస్త్రీకి పట్టిన పదకొండు గంటలు అతని అరవై ఒకటిలోంచి పోయాయి. భార్య తన ఎనభై ఎనిమిది గంటలూ వేరే ఫైలులోకి తరలించి, దానికి తాళం పెట్టుకుంది.

మొదటి నెల షీట్లు చూసినప్పుడు ముప్పై మంది గంటలూ కోసిన తల్లి, కన్నకొడుకు కదా అని అతనికి ఒక్కడికే మినహాయింపు ఇచ్చింది: అతని గంటలు ఎందుకు కోసిందో కారణం కూడా రాసి పంపింది.