తడి తాకితే మోగే గంట

నేల ఎండిందో లేదో కంటితో చూసి తేల్చడం అనాగరికమని 1954 వేసవిలో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, శాస్త్రీయంగా నిర్ణయమైంది. కన్ను మోసపోతుంది, రైతు కన్నయితే మోసగిస్తుంది కూడా. కాబట్టి స్పర్శ నిర్ధారణ శాఖ వెలసి, ఒక యంత్రాన్ని రూపొందించింది. రెండు రాగిరేకులు, ఒక బ్యాటరీ, ఒక గంట. రేకులకు తడిమట్టి తగిలితే గంట మోగుతుంది. మోగకపోతే కరువు; కరువైతే ఊరి పశువులకు సర్కారు గడ్డి డిపో.

యంత్రం ఎంతటి తీవ్ర పరిస్థితినైనా తట్టుకోవాలని షరతు. తొలిరోజే ఎండకు బ్యాటరీ మీది లక్క కరిగి కారింది. నిపుణుల సంఘం దీర్ఘంగా ఆలోచించి లోపాన్ని సవరించింది: యంత్రాన్ని ఎండలో పెట్టరాదు. (ఎండను సవరించే అధికారం సంఘానికి లేదు.) నాటినుంచి అది స్పర్శాధికారి గదిలో, బంట్రోతు మారెన్న గడియగడియకూ నీళ్లు చల్లే వట్టివేళ్ల తడికల చాటున నివసించసాగింది. మట్టే దాని దగ్గరకు రావాలి.

కోడుమూరు నుంచి ఉరుకుందమ్మ తన చేని మట్టిని మూటగట్టుకొని వచ్చింది. ఆమె జత ఎద్దుల్లో ఒకటి మేత లేక అప్పటికే పోయింది. మూట తన వంతు కోసం తడికల కింద మధ్యాహ్నం దాకా వేచి, రేకులకు తగిలింది. గంట మోగింది.

"మీ చేనిలో తేమ ఉందమ్మా," అన్నాడు స్పర్శాధికారి.

"యాడిది సామీ తేమ? ఆ తడిక కారి నా మూట నానింది. సూడు, ఇంకా కారతాండాది!"

"తడికను పరీక్షించే ఉత్తర్వులు మాకు లేవు."

"అట్లయితే నువ్వే వచ్చి మా సేనికి తాకించప్పా. ఉన్న ఒక్క ఎద్దూ పడిపోతే ఇంక లేయదు."

స్పర్శాధికారి న్యాయబుద్ధి గలవాడు. (నిబంధనల్లో అప్పీలు కూడా ఉంది.) జీపులో యంత్రం, వెనక బండిలో తడికలూ నీళ్ల పీపాలూ కోడుమూరు చేరాయి. యంత్రానికి ఎండ నిషిద్ధం గనుక చేని నడుమ తడికలతో గది కట్టారు. మారెన్న నీళ్లు చల్లాడు.

"ఏమప్పా మారెన్నా, వాన కురిపిస్తాండావే! ఇంగా రోంత నీళ్లు పొయ్, కొర్రలు ఇత్తుకుంటాం," అంది ఉరుకుందమ్మ.

"నాదేముందక్కా, చల్లమన్నారు, చల్లుతాండా."

గంట మోగింది.

ఆ చప్పుడుకో, తడివాసనకో, ఎద్దు కాళ్లీడ్చుకుంటూ వచ్చి తడికను నమలసాగింది. మారెన్న అదిలించబోతే ఉరుకుందమ్మ అడ్డం నిలబడింది. సగం తడిక పోయేదాకా స్పర్శాధికారి శ్రద్ధగా గమనించి, నివేదిక ముగించాడు:

"కోడుమూరు నేలలో తేమ నిర్ధారణ అయినది. పశువులు మేత మేయుచుండుట కూడా ప్రత్యక్షంగా చూడడమైనది. గడ్డి డిపో అనవసరం."