విమానవాహక నౌకా, అరటితోట మోటారూ

విడిభాగాలు దొరక్కపోవడం రైతు పాలిట వరం! కోప్పడకండి. పులివెందుల ఆదినారాయణ సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

ఆయనకు మూడెకరాల అరటితోట ఉంది. ఏప్రిల్ ఎండలు మండుతుండగా, గెలలు దిగే ముందు, బోరు మోటారు కంట్రోల్ బోర్డు కాలిపోయింది. మోటారుకు వారంటీ ఐదేళ్లు, కొని మూడేళ్లే. ధీమాగా జమ్మలమడుగు షోరూంకు వెళ్లాడు.

"మామా, వారంటీ ఉంది గానీ బోర్డు లేదు," అన్నాడు డీలర్ సుధీర్. "ఆ మోడల్ శానా పాతది. కొత్త మోటారు తీస్కో."

"మూడేండ్లకే పాతదైతే యాభై ఐదేండ్లోణ్ణి నేను, నన్ను యాడ పడేస్తావప్పా?"

దానికి సుధీర్ దగ్గర ఎక్స్ఛేంజ్ ఆఫర్ లేదు.

చూశారా మేలు? తోట దాటని మనిషికి ఊళ్లు తిరిగే భాగ్యం! అట్నుంచి అటే ప్రొద్దుటూరు పోయి, లేత్ మిషన్ కమాల్ బాషా ముందు బోర్డు పెట్టాడు.

"ఇనుమో ఇత్తడో అయితే కోసి చేతిలో పెడ్తా మామా," అన్నాడు బాషా దాన్ని తిప్పి చూసి. "దీనికి కంపెనీవోళ్లు లోపల తాళమేసినారు. నాతో కాదు."

షాపు టీవీలో అప్పుడే అణుశక్తితో నడిచే విమానవాహక నౌకను చూపిస్తున్నారు. యాభై ఏళ్లు పనిచేస్తుందట! ఇంధనం పాతికేళ్లకోసారి మారిస్తే చాలట! బోర్డులు చెడితే ఓడలోనే బాగుచేసుకుంటారట! ఆదినారాయణ రెప్ప వేయలేదు.

"బాషా, వాళ్లనే అడిగితే ఏంది?"

ఆ సాయంత్రమే కూతురు దీప్తి చేత నౌకాదళానికి మెయిల్ రాయించాడు. ఏ దేశమని అడక్కండి, రక్షణ రహస్యం. కాలిన బోర్డు ఫోటో, వాడిన అరటాకు ఫోటో జతచేయించాడు. పక్క తోట శివ దయతలచి వదిలే నీళ్లతో చెట్లు కొన ఊపిరితో ఉన్నాయి.

వారానికి జవాబొచ్చింది.

"నాయనా, వాళ్ల ఓడ గూడా నెల్నుంచి రేవులోనే నిలబడిందంట," అంది దీప్తి. "రియాక్టరు బాగుందంట. ఐదువేల మందికి ఉర్లగడ్డల పొట్టు తీసే మిషన్‌లో ఇరుసుకు తొడిగే ఇత్తడి బుష్ అరిగిపోయిందంట. చేసిన కంపెనీ మూతపడిందంట. ఓడలో లేత్ ఉందంట గానీ, తిప్పేటోడు రిటైరైనాడంట."

"కొలతలు పంపమను!" అని కేకేశాడు ఆదినారాయణ. "మా బోర్డు గూడా మర్చిపోవద్దను!"

కొలతలొచ్చిన రోజు కమాల్ బాషా మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి పనికి కూర్చున్నాడు. సాయంత్రం టీ వేళకు బుష్ సిద్ధం. ఒకటడిగితే మూడు చేశాడు.

"స్పేర్ ఉండాల గదా మామా, అంత పెద్ద ఓడకు!"

అలా ప్రొద్దుటూరు ఇత్తడితో ఐదువేల మంది సైనికులు బంగాళాదుంప కూర తిన్నారు. సముద్రాల మీద బలాబలాల సమతూకం నిలబడింది. విడిభాగం షోరూంలోనే దొరికి ఉంటే ప్రపంచం ఏమైపోయేదో!

బదులుగా ఓడ నుంచి పార్సిల్ వచ్చింది. లోపల కొత్త బోర్డు, బాంబు పడినా చెక్కుచెదరదని ఒక చీటీ. బాషా స్వయంగా పులివెందుల వచ్చి బిగించాడు. బటన్ నొక్కగానే పైపు దగ్గి, తుమ్మి, నీళ్లు కక్కింది. ఆదినారాయణ చెప్పులు విప్పి కాలువలో దిగి, మొదటి చెట్టు దాకా నీళ్ల వెంటే నడిచాడు. ఓ వరస చెట్లు అప్పటికే పోయాయి. మిగతా తోట దక్కింది.

కబురు జమ్మలమడుగు చేరింది. నలభై రోజులుగా ఎన్ని ఫోన్లు చేసినా రాని కంపెనీ మెకానిక్ రెండు గంటల్లో బైకు మీద వాలిపోయాడు. ఇంత చురుకైన సర్వీసు ఎక్కడైనా చూశారా?

పెట్టె తెరిచి చూశాడు. ఫోటో తీసుకున్నాడు.

"బయటి పార్టు బిగించినారు మామా. వారంటీ రద్దు," అంటూ బ్యాగులోంచి ఎర్ర స్టిక్కర్ తీసి పెట్టెకు అంటించాడు.

ఆదినారాయణ ఆ స్టిక్కర్‌ను వేలితో తడిమి చూశాడు.

"ఇది మా మోడల్‌కు దొరుకుతాదా అప్పా?"

"ఏ మోడల్‌కైనా దొరుకుతాది మామా. స్టాకు ఫుల్లుగా ఉండాది!"