బానిస అడిగిన గోల్

ఆ శనివారం పొద్దున అన్సుమానా బాజీ వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. చెల్లెలి ఇంట్లో ఉతికి ఇస్త్రీ చేయించిన గాంబియా జట్టు ఎర్ర జెర్సీలను సంచిలో సర్దుకోవాలి. దారిలో అడామా కొట్టు దగ్గర బొబ్బర్ల కూర పెట్టిన రొట్టె తినాలి. మధ్యాహ్నానికల్లా బకావు స్టేడియం చేరి కొక్కేనికొకటి చొప్పున జెర్సీలు తగిలించాలి. ఆ తర్వాత కుంపటి రాజేసి, అటాయా టీ కాచుకుంటూ, ఆటగాళ్ళు రాగానే పెద్దమనిషిలా తలాడించాలి. మీసాలు మొలిచిన నాటి నుంచీ జట్టు బట్టల బాధ్యత అతనిదే, ఇంతవరకూ ఒక్క జెర్సీ పోగొట్టిన పాపాన పోలేదు.

కానీ ఆ రోజు ఆట మామూలు ఆట కాదు. డకార్ నుంచి పొరుగు దేశం జట్టు వచ్చింది. వాళ్ళ కుర్రాళ్ళంతా యూరప్ క్లబ్బుల్లో ఆడేవాళ్ళు. మన జట్టులోనేమో ఒకడు పోలీసు, ఒకడు చేపల వ్యాపారి, మిగతావాళ్ళు ఏదో ఒకటి. అర్హత పోటీల్లో ఇదే ఆఖరి ఆట. గెలిస్తేనే మనం ఆఫ్రికా కప్పుకు వెళ్తాం. సమానమైనా, అసలు ఆట జరగకపోయినా, వెళ్ళేది వాళ్ళే.

అందుకే మేనేజర్ సేరింగ్ తూరే ముందు రోజే అన్సుమానాను పిలిచి గట్టిగా చెప్పాడు. జెర్సీల సంచి భుజం మీంచి దిగకూడదు, జట్టు మనిషినని ఎవరికీ చెప్పకూడదు, అవతలివాళ్ళ చేతికి ఒక్క దారప్పోగు చిక్కినా మరబూ అనే మంత్రగాడి చేత మంత్రింపజేస్తారు, మన కాళ్ళు కట్టుబడిపోతాయి. ఇందులో ఏది తేడా వచ్చినా రేపటి నుంచి బట్టలు హోటల్ లాండ్రీకి పోతాయి, నువ్వు ఇంటికి పోతావు అని కూడా చెప్పాడు. అన్సుమానాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. జెర్సీలు లేని బతుకు ఎలా ఉంటుందో అతను ఏనాడూ ఊహించుకోలేదు.

అడామా కొట్టు బల్ల మీద అప్పటికే ఒక కొత్త మనిషి కూర్చుని రొట్టె తింటున్నాడు. అతని భుజానికీ ఒక పెద్ద సంచి ఉంది. మన దగ్గర ఇంటిపేరు చెప్పుకోకుండా పలకరింపు పూర్తి కాదు కదా. ఇల్లు క్షేమమా, పిల్లలు క్షేమమా, పొద్దున ఎలా ఉంది అని ఇద్దరూ తీరిగ్గా అడిగి చెప్పుకున్నాక, కొత్త మనిషి పేరు జెగాన్ ఫాయ్ అని తేలింది. ఫాయ్ అంటే సెరేర్ జాతి. బాజీ అంటే జోలా జాతి. ఇంకేముంది, అడామా చేస్తున్న పని ఆపి, చేతులు కట్టుకుని నిలబడింది.

జోలాలకూ సెరేర్లకూ తాతల నాటి నుంచి వరస ఉంది. బావాబావమరుదుల పరాచికాల లాంటిదే, కాకపోతే జాతికి జాతి మొత్తానికీ ఉంటుంది. నువ్వు నా బానిసవంటే నువ్వు నా బానిసవని ఒకరినొకరు ఆడిపోసుకోవచ్చు, ఎదుటివాడి చేతిలోది లాక్కోవచ్చు, ఎవరికీ కోపం రాకూడదు. లాక్కున్న వస్తువు తిరిగి కావాలంటే మాత్రం పోగొట్టుకున్నవాడు నలుగురిలో "నేను నీ బానిసను" అని ఒప్పుకుని అడగాలి. ఆ మాట అన్నవాడిని మనవల కాలం దాకా ఊరు మరిచిపోదు.

"ఏరా బానిసా, నీ యజమాని వస్తే లేచి నిలబడవా?" అన్నాడు అన్సుమానా.

"యజమానివా? మీ జోలాలు కుండెడు అన్నం కనిపిస్తే ఎవరికైనా దణ్ణం పెడతారు. ఇలా ఇయ్యి, నీకు రొట్టె ఎక్కువైంది" అని జెగాన్ అతని చేతిలోని రొట్టె లాక్కుని కొరికేశాడు.

అడామా పకపకా నవ్వింది. అన్సుమానాకు రోషం పొడుచుకొచ్చింది. రొట్టెకు రొట్టె లాక్కుంటే మజా ఏముంది? జెగాన్ నములుతూ ఉండగానే అతని భుజం మీది సంచిని లాగేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. జెగాన్ ఏమీ తొణకలేదు. రొట్టె తినడానికని అన్సుమానా బల్ల మీద దించిన సంచిని ఎత్తుకుని, మిగిలిన రొట్టెముక్కను అందులో పడేసి, అప్పుడే ఆగిన టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడైనా పరిగెత్తాల్సింది. జోలా కాని మనిషైతే పరిగెత్తేవాడే. అన్సుమానా మాత్రం కూర్చున్నాడు. వెంటపడితే అడుక్కున్నట్టే. తన చేతిలోనూ వాడి సంచి ఉంది, కాసేపట్లో వాడే వచ్చి కాళ్ళ మీద పడతాడు అనుకున్నాడు. ఆ ఫాయ్ కూడా తన హోటల్ గుమ్మంలో కూర్చుని సరిగ్గా ఇదే అనుకుంటున్నాడని పాపం అతనికి తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చినా ఎవరూ రాలేదు. అన్సుమానా ఆ సంచితోనే స్టేడియానికి వెళ్ళి, గది తలుపు వేసుకుని సంచి విప్పాడు. లోపల పచ్చ జెర్సీలు. డకార్ జట్టువి.

మొదట గుండె ఆగింది. తర్వాత కుదుటపడింది. అంటే ఆ ఫాయ్ తనలాంటి బట్టల మనిషే. మన ఎర్ర జెర్సీలు ఎక్కడికీ పోలేదు, నడవా అవతలి గదిలోనే ఉన్నాయి. ఇదే మాట మేనేజర్‌కు ధైర్యంగా చెప్పాడు. వాళ్ళకీ బట్టలు లేవు, వాడే దిగివస్తాడు, కాసేపు ఓపిక పట్టండి అన్నాడు. తూరే ఓపిక పట్టే మనిషి కాదు. జెర్సీలు దొంగిలించి మరబూ చేత మంత్రింపజేస్తున్నారని నడవా దద్దరిల్లేలా అరిచాడు. ఆ అరుపు విని అవతలి మేనేజర్ బయటికొచ్చి, దొంగలు మీరేనంటూ మన గదిలోని పచ్చ జెర్సీలను చూపించాడు. పోలీసులు వచ్చారు. ఎవరిని పట్టుకోవాలో తెలియక ఇద్దరు మేనేజర్ల మధ్యా నిలబడ్డారు. గేటు దగ్గరికి వార్త చేరేసరికి జెర్సీలకు మేక నెత్తురు పూశారట అయింది. గ్యాలరీకి చేరేసరికి మేక కాస్తా ఎద్దయింది.

రెఫరీ చాలా దూరదేశం నుంచి వచ్చినవాడు, అతనికి ఈ వరసలేవీ తెలియవు. రెండు జట్లూ బట్టలు తొడుక్కుని రండి, లేకపోతే ఆట రద్దు అని గడియారం చూపించి వెళ్ళిపోయాడు.

నడవాకు అటు చివర జెగాన్ ఎర్ర జెర్సీల సంచి మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆట రద్దయితే కప్పుకు వెళ్ళేది వాళ్ళే. కాబట్టి అతను సాయంత్రం దాకా అలాగే కూర్చోగలడు. బయట జనం డోళ్ళు కొడుతున్నారు. నది అవతలి నుంచి పడవల మీద వచ్చినవాళ్ళు, మొక్కు కోసం కాలినడకన వచ్చినవాళ్ళు, మంచం మీంచి లేచి వచ్చిన ముసలివాళ్ళు ఉన్నారు వాళ్ళలో. అన్సుమానా ఆ డోళ్ళు విన్నాడు. జోలాల పరువు ఒక పక్క, దేశం ఒక పక్క అయ్యాయి. అతనికి ఏడుపొచ్చింది.

లేచి నడవా పొడుగునా నడిచి వెళ్ళి, పోలీసులూ మేనేజర్లూ ఆటగాళ్ళూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మన గోల్‌కీపర్ కారామో సన్యాంగ్ కూడా జోలాయే. ఏ మాట రాబోతోందో తెలిసి చెవులు మూసుకున్నాడు.

"ఫాయ్, నేను నీ బానిసను. మా తాతలు మీ తాతల బానిసలు. మా బట్టలు మాకిప్పించు" అన్నాడు అన్సుమానా.

జెగాన్ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి రోజు ఏ సెరేర్‌కు దొరుకుతుంది? తన పచ్చ జెర్సీలు తెప్పించుకుని ఎర్రవాటి సంచి ఇచ్చాడు, పైగా పెద్దరికం ఒలకబోశాడు. "మెచ్చాను రా. బానిస కడుపు చూసుకోవడం యజమాని ధర్మం. ఇంకేం కావాలో అడుగు."

"ఒక గోల్" అన్నాడు అన్సుమానా, నోటికి వచ్చింది.

అందరూ నవ్వారు. జెగాన్ అందరికంటే గట్టిగా నవ్వి, "ఇచ్చాను పో" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. మన ఆటగాళ్ళు ఆ జెర్సీలు ముట్టుకోం అన్నారు. పొద్దుటి నుంచి శత్రువు చేతిలో ఉన్న బట్టలు, ఏ నీళ్ళు చల్లారో అని గోడకు ఆనుకుని నిలబడ్డారు. కారామో ముందుకొచ్చి ఒక జెర్సీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మరోసారి వాసన చూశాడు. ఏ మరబూ అయినా బొబ్బర్ల కూరతో మంత్రిస్తాడా అని అడిగి, నూనె మరక పడిన జెర్సీనే తొడుక్కున్నాడు. మిగతావాళ్ళు సిగ్గుపడి తలా ఒకటి తీసుకున్నారు.

ఆట మొదలైంది. మొదలైంది అనడమే గానీ, బంతి మన వైపు నుంచి కదిలితే కదా. వాళ్ళు కొట్టారు, మనం ఆపాం. మళ్ళీ కొట్టారు. కారామో చేతులతో ఆపాడు, మోకాళ్ళతో ఆపాడు, ఒకసారి ముఖంతో ఆపి, తల విదిలించుకుని లేచాడు. అతను లేచిన ప్రతిసారీ స్టేడియమంతా లేచింది. చూసే నా గొంతే పోయింది, ఆడే వాళ్ళ సంగతి చెప్పేదేముంది. ఇక ముగుస్తుందనగా మన డిఫెండర్ ఒకడు తడబడి పొరుగువాడిని పడేశాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

కొట్టడానికి వచ్చినవాడు వాలీ ఫాయ్. జెగాన్‌కు సొంత అన్న కొడుకు. డోళ్ళు ఆగిపోయాయి. కారామో గోల్ వదిలి నింపాదిగా వాలీ దగ్గరికి నడిచి వచ్చాడు.

"వాలీ, మీ బాబాయి అందరి ముందూ మాకొక గోల్ మాటిచ్చాడు. ఇంతవరకూ రాలేదు. ఇంటి పెద్ద బాకీ తీర్చకముందే నువ్వు పెట్టె నింపుకుంటావా?"

వరస ప్రకారం వాలీకి కోపం రాకూడదు. కోపం రాని చోట నవ్వు రాక తప్పదు. పెదవి బిగబట్టాడు. బంతి సర్దుకున్నాడు. పరుగు మొదలుపెట్టాడు. సగం దూరంలో నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వుతోనే తన్నాడు, బంతి పెంచుకున్న పిల్లిలా తిన్నగా వచ్చి కారామో ఒళ్ళో వాలింది.

కారామో క్షణం ఆగలేదు. బంతిని ఉన్న బలమంతా పెట్టి అవతలి కొసకు తన్నాడు. పెనాల్టీ చూద్దామని పొరుగువాళ్ళంతా ఇటే ఉన్నారు. మైదానం మధ్యగీత దగ్గర ఉన్నది మన బుబా కమారా ఒక్కడే, ఆ చేపల వ్యాపారి. అతను పరిగెత్తిన పరుగు నేను బతికినంత కాలం మరిచిపోను. వాళ్ళ గోల్‌కీపర్ ఎదురొచ్చాడు, బుబా పక్కకు తప్పుకున్నాడు, బంతిని ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. మళ్ళీ ఆట మొదలెట్టేలోపే ఈల మోగింది.

తర్వాత ఏమైందో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆడవాళ్ళు సొరబుర్రలు వాయిస్తూ మైదానంలోకి దిగారు. పోలీసులు టోపీలు గాల్లోకి ఎగరేశారు. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నేనూ ఏడ్చాను. తూరే అన్సుమానాను రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని, జెర్సీల గది తాళం చచ్చేదాకా నీదే అన్నాడు.

ఆ సందడిలో జెగాన్ ఫాయ్ మన గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. అన్సుమానా కాచుకుని ఉన్నాడు. ఛాతీ విరుచుకుని ఎదురెళ్ళి, ఇప్పుడు చెప్పు, ఎవడు రా బానిస అని అడిగాడు.

జెగాన్ తాపీగా బెంచీ మీద కూర్చుని టీ గ్లాసు అందుకున్నాడు.

"గోల్ అడిగావు, ఇచ్చాను. ఇంతకంటే మంచి యజమాని ఎక్కడ దొరుకుతాడు నీకు?"

గదంతా ఘొల్లుమంది. అన్సుమానా అతని గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు, వరస ప్రకారం కోపం రాకూడదు, గెలిచిన మనిషికి ఎలాగూ రాదు.

గోల్ తనే ఇచ్చానన్న ఆ మాట జెగాన్ అవతలి గదిలో, ఓడిపోయిన తన జట్టు ముందు మాత్రం అనలేదట.