పేర్ల తర్వాత గోళీలు

ఊళ్లోకి ఏ రోగం వచ్చినా దానికి మందు కన్నా ముందు కమిటీ పుడుతుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చినప్పుడు అక్కడి లింబాయత్‌లో కరీంనగర్ నేతగాళ్లుండే మగ్గాల గల్లీ ఈ సత్యాన్ని ఒక్క పూటలో నిరూపించింది. అప్పుడే వినాయకుణ్ణి నిమజ్జనం చేశారు. మండపానికి తెచ్చిన మైకు సెట్టు ఇంకా వాపసు పోలేదు. (ఖాళీగా ఉన్న మైకును చూస్తే పెద్దమనుషులకు అన్నం సహించదు.) మధ్యాహ్నానికల్లా ఇరవై మూడు మందితో ‘ప్రజారోగ్య మైకు ప్రచార కమిటీ’ వెలిసింది. అధ్యక్షుడు లక్ష్మీరాజం.

మైకు పట్టే పని సోమలింగానికి వచ్చింది. ఇరవై ఏళ్లుగా సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య అరిచీ అరిచీ అతను మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు. ఇంట్లో సోమలింగం ఉప్పు అడిగితే తాపీ నది అవతల అమ్రోలిలో ఎవరో తెచ్చిస్తారని గల్లీలో వేళాకోళం. అలాంటి గొంతుకు మైకెందుకని ఎవరూ అడగలేదు. మైకు లేని మాటకు గల్లీలో విలువ లేదు మరి.

కమిటీ పెట్టిన నియమం ఒక్కటే. ఏ ప్రకటనకైనా ముందు ఇరవై మూడు మంది పేర్లూ ఇంటిపేర్లతో, ‘గారు’తో సహా చదవాలి. పేర్లు చదవనిదే మండపంలో హారతి పళ్లెం కదలదు, ప్లేగు వినాయకుడి కన్నా గొప్పదా అని లక్ష్మీరాజం వాదన. పేర్లకు పావుగంట పైనే పడుతుంది. తోపుడు బండి మీద పెట్టిన బ్యాటరీ పావుగంటే వస్తుంది.

మున్సిపాలిటీ డాక్టరు రాసిచ్చిన కబురు మాత్రం చిన్నది. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని సర్కారు బడికి రావాలి. మందు గోళీలు ఊరికే ఇస్తారు. ఇవాళ, రేపు, సాయంత్రం అయిదు దాకా.

ఆ కబురు అందరికన్నా ముందు కావలసింది సోమలింగం ఇంట్లోనే. తల్లి వెంకటవ్వకు పొద్దుటి నుంచి ఒళ్లు కాలిపోతోంది.

“అవ్వా, లే. బడికాడ గోళీలిస్తున్రు. పోదాం పా.”

“ఎవలు చెప్పిన్రు?”

“నేనే చెప్తున్న గద.”

“నువ్వు చెప్తే ఎట్ల పోత కొడుకా? మైకుల రానియ్యి. అప్పుడు పోత.”

“మైకుల చెప్పేది గూడ నేనే గదనే!”

“గప్పుడు కమిటీ తరఫున చెప్తవు. గిప్పుడు ఉత్తగ చెప్తున్నవు.”

సోమలింగానికి ఏడుపొక్కటే తక్కువ. బండి తోసుకుంటూ పరుగున వెళ్లి చదవడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదో పేరు దగ్గర మైకు గుర్రుమని ఆగిపోయింది. ఏదో పెద్ద సంగతే జరిగిందనీ, దాని వెనక పెద్దమనుషులున్నారనీ గల్లీకి అర్థమైంది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

మర్నాడు పొద్దున అత్యవసర సమావేశం జరిగింది. అప్పటికే సభ్యుల్లో పదకొండు మంది కరీంనగర్ దిక్కు బండెక్కేశారు.

“ఊరికి పోయినోళ్ల పేర్లన్న తీసేద్దాం కాకా, జర టైం కలిసొస్తది,” అన్నాడు సోమలింగం.

లక్ష్మీరాజం ముక్కు మీది రుమాలు సవరించుకున్నాడు. “మనిషి పోతే పేరు గూడ పోతదార? రేపు వాపసొచ్చి అడిగితే జవాబు నువ్విస్తవా?”

బ్యాటరీ సమస్యను మాత్రం కమిటీ తేలిగ్గా తీసుకోలేదు. అయిదుగురితో ఉపసంఘం వేసింది. (ఉపసంఘం వెళ్లి చూసి, అది బ్యాటరీయేనని తేల్చింది.) ఆ అయిదు పేర్లూ జాబితాలో చేరాయి.

సాయంత్రం నాలుగున్నరకు బండి సోమలింగం ఇంటి ముందుకొచ్చింది. దుప్పటి కప్పుకుని గడపలో కూర్చున్న వెంకటవ్వ మైకు వంకే చూస్తోంది. అతను ఏడో పేరు చదువుతుండగా దగ్గు తెర వచ్చి ముందుకు ఒరిగిపోయింది. సోమలింగం చదవడం ఆపేశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“శ్రీమతి వెంకటవ్వ గారికి కమిటీ తరఫున మనవి! ముక్కుకు కొంగు కట్టుకొని సర్కారు బడికి పోవాలె. గోళీలు ఊరికెనే, అయిదు దాకనే! అవ్వా, నీ కాళ్లు మొక్కుత, లే!”

వెంకటవ్వ లేచింది. కోడలు ఊర్మిళ చెయ్యి పట్టుకుని, పెళ్లికి వెళుతున్నంత హుందాగా బడి వైపు నడిచింది.

మిగతా గల్లీ కదల్లేదు. పిలుపు వెంకటవ్వకు వచ్చింది, తమకు రాలేదు. బొట్టు పెట్టి పిలవనిదే పక్కింటి పెళ్లికైనా వెళ్లని మనుషులు, గోళీలకు ఎలా వెళతారు? సోమలింగానికి సంగతి తెలిసొచ్చింది. ఇంటింటి ముందూ ఆగి, పేరు పెట్టి పిలిచాడు. పిలిచిన ఇల్లల్లా లేచింది. చివరింట్లో కనకవ్వ రెండు రోజులుగా దగ్గుతోంది. ఆ గుమ్మం ముందు ‘శ్రీమతి’ అనగానే బ్యాటరీ అయిపోయింది.

“అత్తా, నిన్నే! లే, పది నిమిషాలే ఉన్నది.”

“అందర్ని మైకుల పిలిచి నన్ను ఉత్తనోటితోని పిలుస్తవా? నాకు మర్యాద లేదా?”

బతిమాలాడు. దండం పెట్టాడు. ఆమె తలుపేసుకుంది. బడికి పరుగెత్తి ఆమె గోళీలు తనకిమ్మని డాక్టరును అడిగితే, మనిషిని చూడనిదే ఇవ్వనన్నాడు. డాక్టరు అన్నదీ న్యాయమే. ఇంతలో అయిదైంది.

మూడో నాడు కమిటీ సోమలింగాన్ని తొలగించింది. నేరం: కమిటీ తీర్మానం లేని పేర్లు మైకులో చదవడం. అతని స్థానంలో వచ్చిన శ్యాంసుందర్ పేరు కూడా జాబితాకెక్కింది. కొత్త బ్యాటరీ తెచ్చారు. ఫిర్యాదు అందినందున కనకవ్వ పేరు చేర్చడానికి ప్రత్యేక అనుమతి దొరికింది. పేర్లన్నీ పూర్తయ్యాయి. తర్వాత డాక్టరు మొన్న ఇచ్చిన కాగితం పొల్లు పోకుండా చదివారు. ఇవాళ, రేపు, అయిదు దాకా.

కనకవ్వ ముక్కుకు కొంగు కట్టుకుని, గోడలు పట్టుకుంటూ బడి దాకా వెళ్లింది. గేటుకు తాళం ఉంది. గోళీలు ఎప్పుడిస్తారో అని మెట్టు మీద కూర్చుంది.

ఆ సాయంత్రమే కమిటీ మున్సిపాలిటీకి నివేదిక పంపింది. ప్రకటన నియమ ప్రకారం సంపూర్ణంగా జరిగింది. ప్రజల స్పందన: ఒకరు.