నలభై ఏడో నంబరు చెయ్యి

“బతికున్న మనిషి ఒంటిమీద ప్లాస్టరు పోసి అచ్చు తీసుకునేవాడు శిల్పి కాడు, దొంగ!”

ఇది పారిస్ శుద్ధశిల్ప పరిషత్తువారి ఏడో నియమం. ప్రతి సమావేశానికీ ముందు అధ్యక్షులు దుమెనిల్‌గారు లేచి నిలబడి దీన్ని చదివేవారు. సభ్యులు టోపీలు తీసి గుండెలకు ఆనించుకుని వినేవారు. “దొంగ” అన్నచోట ఆయన గొంతు ఎంత గంభీరంగా వణికేదంటే, కొందరు కళ్లు కూడా ఒత్తుకునేవారు! సభ ముగిశాక మళ్లీ టోపీలు పెట్టుకుని, ఒకరి కంట ఒకరు పడకుండా, తలో దారిన వోజిరార్ సందులోని బర్సొత్తి కొట్టుకు చేరేవారు.

బర్సొత్తి ఇటలీనించి వచ్చిన ప్లాస్టరు పనివాడు. కొట్టు గోడలనిండా మేకులు. మేకులకు చెవులు, పాదాలు, మోకాళ్లు, మెడలు. ఒక్కోదానికి ఒక్కో నంబరు. అన్నీ అతని బంధువుల ఒళ్లమీంచి తీసిన అచ్చులే.

ఒనొరే బ్రెవాల్‌ను పత్రికలు “చెయ్యి తిరిగిన శిల్పి” అని రాసేవి. తిరిగిన మాట నిజమే. ఆ చెయ్యి ఎప్పుడు తిరిగినా బర్సొత్తి కొట్టువైపే తిరిగేది. ముప్పై ఏళ్లలో ఆయన ఫ్రాన్సు కూడళ్లలో పద్దెనిమిదిమంది మహనీయుల్ని నిలబెట్టాడు. వాళ్లలో ఇద్దరు జనరళ్లు, ఒక బిషప్పు, దుంపల్లోంచి చక్కెర తీసిన ఒక పెద్దమనిషి. అందరూ మాతృదేశం పిలుపును ఒకే చెవితో ఆలకిస్తుంటారు. అది మూడో నంబరు చెవి. బర్సొత్తి బావమరిది బెప్పెది. బెప్పెకు ఆ చెవి వినబడదు.

ఇదంతా మోసమని బ్రెవాల్‌కు ఎన్నడూ తోచలేదు. తోచకుండా ఉండడానికి లోపల ఎవరు ఎంత కష్టపడుతున్నారో ఆయనకు తెలియదు. సమావేశంనుంచి వచ్చినప్పుడు మాత్రం చేతులు రెండుసార్లు కడుక్కునేవాడు.

ఇలాంటి మనిషి యాభై ఆరో ఏట ఒక తప్పు చేశాడు. ఒక చెయ్యి సొంతంగా చేశాడు!

“రేవులో తల్లి” అనే విగ్రహం తలపెట్టాడు. మెడ, పాదాలు, చెవి యథాప్రకారం తెప్పించాడు. చేతి దగ్గరే పేచీ వచ్చింది. బర్సొత్తి గంపెడు చేతులు తెచ్చి బల్లమీద పోశాడు.

“ఇది చూడండి మాస్టారూ, ముప్పై ఒకటి. మా జెమ్మాది. ఇద్దరు మంత్రులు మెచ్చుకున్న చెయ్యి!”

“వద్దు.”

“పోనీ పన్నెండు? మా అత్తగారిది. కొంచెం మొరటు. మా అత్త కూడా అంతే అనుకోండి.”

“ఇవేవీ కావు బర్సొత్తీ.”

ఏది కావాలో ఆయనకూ తెలియదు. ఆయన తల్లి సెన్ నది ఒడ్డున చలికాలమంతా ఊరివాళ్ల దుప్పట్లు ఉతికిన మనిషి. బట్టలు బాదే చెక్కను పట్టీ పట్టీ ఆవిడ బొటనవేలు బయటికి వంగిపోయింది. ఆ చెయ్యి ఎప్పుడూ నదిలా చల్లగా ఉండేది. జ్వరం వచ్చినప్పుడు నుదుటిమీద పెడితే జ్వరానికే సిగ్గేసి వెళ్లిపోయేది. ఆవిడ పోయి ఇరవై ఏళ్లు. గుర్తు చేసుకుందామంటే మొహం కూడా సరిగా రాలేదు. మట్టిలో వేళ్లు పెడితే మాత్రం చెయ్యి వచ్చింది. నాలుగు చలికాలాలు పట్టింది.

వసంత ప్రదర్శనలో జనం ఆ చేతిముందు నిలబడి గొంతు తగ్గించి మాట్లాడారు. అదే సమయానికి పరిషత్తులో ఒక శాశ్వత పీఠం ఖాళీ అయింది. అది బ్రెవాల్‌దేనన్నారు. పీఠం ఎక్కినవాళ్లు తొడుక్కునే ఆకుపచ్చ జలతారు కోటుకు దర్జీ కొలతలు కూడా తీసుకున్నాడు. ఇక మిగిలింది ఓటింగే అనుకునే వేళకు, ఆ పీఠంమీదే కన్నేసిన శిల్పి కోర్నియే ఫిర్యాదు పెట్టాడు. “ఆ చెయ్యి బతికున్న మనిషినుంచి తీసిన అచ్చు. ఏడో నియమం!”

మెడను ఎవరూ అనుమానించలేదు. పాదాల్ని అనుమానించలేదు. బెప్పె చెవిని అసలే అనుమానించలేదు. అందరికీ అలవాటైన చెవి!

విచారణ సంఘం అయిదుగురు పెద్దలతో, భూతద్దంతో దిగింది.

“ఎవరిదీ చెయ్యి?” అన్నారు దుమెనిల్.

“మా అమ్మది.”

“ఆవిణ్ణి హాజరుపరచండి.”

“పోయి ఇరవై ఏళ్లయిందండీ.”

“అయితే శవంనుంచి తీశారా!” కార్యదర్శి కలం ఆపకుండానే అడిగాడు. “దానికి వేరే నియమం ఉంది.”

చివరికి బర్సొత్తిని సాక్షిగా పిలిచారు. లోపలికి వచ్చి గదిలో ఉన్న పెద్దల్నందరినీ చూసి అతను సంబరపడిపోయాడు.

“అబ్బో! అందరూ మనవాళ్లే!”

“సాక్షి ఎవరినీ ఎరగడని రాసుకోండి,” అన్నారు దుమెనిల్.

బర్సొత్తి విగ్రహం చుట్టూ తిరిగాడు. “ఈ పాదం నాది. మెడ నాది. చెవి మా బెప్పెది. అన్నట్టు అధ్యక్షులవారూ, మీ న్యాయదేవతకి కూడా...”

“అడిగినదానికే జవాబు చెప్పు! ఈ చెయ్యి సంగతి?”

బర్సొత్తి విగ్రహం చేతిని తన అరచేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలి వంపు వెంట తన వేలు పోనిచ్చాడు.

“ఇది అచ్చు కాదు దొరా. అచ్చు ఉన్నదే తీస్తుంది. ఈ బొటనవేలు ఉండాల్సినదానికన్నా అంగుళం పొడుగు. ఇలాంటి వేలు దేవుడు చెయ్యడు. కొడుకు చేస్తాడు.”

సంఘం గంటసేపు తలుపులు మూసుకుని తీర్పు చెప్పింది. చెయ్యి అచ్చు కాదు కనక బ్రెవాల్ నిర్దోషి. అచ్చులా లేదు కనక చెయ్యి దోషి! అంగశాస్త్రానికి విరుద్ధమైన బొటనవేలు చేసినవాణ్ణి పీఠంమీద కూర్చోబెట్టడం కుదరదు.

దుమెనిల్ ఆయన్ని వసారాలోకి తీసుకెళ్లి భుజంమీద చెయ్యేశారు. “చూడు నాయనా, కోటు కుట్టి సిద్ధంగా ఉంది. వేలెడంత వేలుకోసం పీఠం పోగొట్టుకుంటావా? సక్రమమైన చెయ్యి ఒకటి పెట్టించు. ఎక్కడ దొరుకుతుందో నీకు నేను చెప్పాలా?”

మర్నాడు పొద్దున్న బ్రెవాల్ ఆ ప్లాస్టరు విగ్రహం మణికట్టు దగ్గర రంపంతో కోశాడు. జీవితంలో ఆయన స్వహస్తాలతో చేసిన రెండో పని అది. రంపం సాగుతున్నంతసేపూ ఆయన ఏమీ ఆలోచించలేదు. అంత గట్టిగా ఏమీ ఆలోచించకపోవడం ఆయనకు అంతకుముందెన్నడూ సాధ్యం కాలేదు.

జెమ్మా చెయ్యి అతికించడానికి వచ్చిన బర్సొత్తి చెత్తడబ్బాలోకి తొంగిచూశాడు. “ఇది పారేస్తారా మాస్టారూ?”

“తీసుకుపో. నాకు కనబడకుండా తీసుకుపో.”

వారం తిరక్కుండా బ్రెవాల్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. కోటు అతికినట్టు సరిపోయింది.

రెండేళ్లకు దుమెనిల్ మంచం పట్టడంతో బ్రెవాలే అధ్యక్షుడయ్యాడు. మొదటి విచారణ కోర్నియేమీదే! అతని “దుఃఖితులను ఓదార్చు దేశమాత” చెయ్యి అచ్చని ఎవరో ఫిర్యాదు పెట్టారు.

బ్రెవాల్ గుడ్డ తొలగించాడు. బయటికి వంగిన బొటనవేలు. అంగుళం పొడుగు.

తల తిప్పాడు. హాలు అవతల దుమెనిల్ చేసిన “దానలక్ష్మి”. అదే వేలు. కిటికీ పక్కన కార్యదర్శి “వ్యవసాయం”. అదే వేలు. బర్సొత్తి కొట్టులో ఇప్పుడు అన్నిటికన్నా గిరాకీ ఉన్న సరుకు అదేనని, దానికింద “నం. 47. చాకలామె కుడిచెయ్యి. సజీవదేహంనుంచి తీసినది” అని చీటీ ఉందని ఆ హాల్లో తెలియనిది ఒక్క అధ్యక్షుడికే.

“అది నా చెయ్యి” అనాలి. అంటే, దాన్ని కోసింది ఎవరని అడుగుతారు. గొంతుదాకా వచ్చిన మాట కోటు కాలరు దగ్గర ఆగిపోయింది. కాలరు చాలా బిగుతుగా కుట్టారు.

“అచ్చు కాదు,” అన్నాడు. “అంగశాస్త్రరీత్యా నిర్దుష్టమైన చెయ్యి. ముఖ్యంగా... బొటనవేలు.”

సభ చప్పట్లతో మారుమోగింది. ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకుని ఏడో నియమం చదివాడు. “దొంగ” దగ్గర గొంతు వణికింది. అంత బాగా దుమెనిల్‌కు కూడా వణికేది కాదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

గండం గడిచిన కోర్నియే పరుగున వచ్చి ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

“మీ చెయ్యి చల్లనిది, మాస్టారూ!”