ఓడలో చంటిపిల్లలు: ప్రభుదాసు రాసిన పదకొండు జాగ్రత్తలు

నేను అబద్ధాలాడే మనిషిని కాదు. అవసరం పడ్డప్పుడు నిజాన్ని కొంచెం సాగదీస్తాను, అంతే. సిమెంటు దుకాణం నడిపేవాడికి ఆ మాత్రం చేతకాకపోతే ఎలా చెప్పండి? కాకపోతే ఈసారి సాగదీసింది మా ఆవిడ దగ్గర. అక్కడే దెబ్బతిన్నాను.

మా దుకాణం కామారెడ్డిలో, స్టేషన్ రోడ్డులో. పోయిన ఏడాది మేం అమ్మిన బస్తాలకు మెచ్చి కంపెనీవాళ్లు ఇద్దరికి ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. ముంబైలో ఎక్కాలి, గోవా దాకా పోయి మళ్లీ ముంబైలో దిగాలి. తిండి, పడక అన్నీ వాళ్లవే. చంటిపిల్లలుంటే వెంట తెచ్చుకోవచ్చు, వాళ్లకు టికెట్టు అక్కర్లేదు.

ఇద్దరు అనగానే మీకు భార్యాభర్తలు గుర్తొస్తారు. నాకు తాజుద్దీన్ గుర్తొచ్చాడు.

తాజుద్దీన్ నా చిన్ననాటి దోస్తు. దుబాయిలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చి మా పక్కనే టైల్స్ దుకాణం పెట్టాడు. అందరం వాణ్ని దుబాయి తాజు అంటాం. వాడు ఓడలను ఒడ్డు మీద నిలబడి చూశాడే తప్ప ఎక్కలేదు. అయినా ఎక్కినవాడికన్నా బాగా చెబుతాడు.

“భాయ్, ఓడల పొద్దుగాల లేవంగనే నాష్తా. నాష్తా అయినంక టిఫిను. టిఫిను అయినంక బువ్వ.”

“నడుమల ఏం జేస్తరు?”

“పంటరు భాయ్. లేపేటోడే ఉండడు.”

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా జోయల్‌కు ఇప్పుడు పదమూడు నెలలు. ఈ పదమూడు నెలల్లో నేను కంటినిండా నిద్రపోయింది ఆదివారాలు చర్చిలో పాస్టరుగారు ప్రసంగం చేసేటప్పుడు మాత్రమే.

చిక్కల్లా ఒకటే. ఆడవాళ్ల పేరు మీదైతే లోను తొందరగా వస్తుందని ఆరేళ్ల కింద దుకాణాన్ని మా ఆవిడ సలోమి పేరు మీద పెట్టాను. మా వైపు సగం దుకాణాలు ఇలాగే ఉంటాయి. బోర్డు మీద ఆడవాళ్ల పేరు, గల్లా దగ్గర మగవాడు. అందువల్ల కంపెనీ దృష్టిలో డీలరు మా ఆవిడే. ఓడ ఎక్కే ఇద్దరి పేర్లు రాసి, కింద డీలరు సంతకం పెట్టి, ఆ కాగితం శనివారంలోగా పంపాలి.

‘తాజుద్దీన్‌తో పోతాను, సంతకం పెట్టు’ అని అడిగే ధైర్యం నాకుంటే ఈ కథే లేదు. ‘నేను రాను, నువ్వే ఎవరినన్నా తీస్కపో’ అని ఆమె నోటితోనే అనిపించాలి. అందుకని ఫోనులో వీడియోలు చూసి, చంటిపిల్లలతో ఓడ ప్రయాణం చేసేవాళ్లు తీసుకోవలసిన జాగ్రత్తలు ఒక కాగితం మీద రాశాను. మొత్తం పదకొండు. మూడు వీడియోలవి, ఎనిమిది నావి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సలోమిది ఎల్లారెడ్డి. ఆమె చూసిన అతి పెద్ద నీళ్లు నిజాంసాగర్. ఓడ మాట చెప్పిన పూట అన్నం కలుపుతూ ఆగిపోయి, “సముద్రం మస్తు పెద్దగుంటది గదా?” అని చిన్నపిల్లలా అడిగింది. నేను విననట్టే తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కాగితం విప్పాను.

“ఒకటి. గది ఓడ నడుమల, కింది అంతస్తుల అడగాలె. గక్కడ ఊపు తక్కువుంటది.”

“మంచిదే గద.”

“రెండు. డైపర్లు, జ్వరం మందు, పాలపొడి అన్నీ ఇంటి నుంచే పట్టుకపోవాలె. మూడు. డైపర్లేసుకునే పిల్లలను ఈతకొలనుల దిగనియ్యరు.”

“మనోడు బకెట్లనే నిలవడడు. నాలుగు?”

ముందు నిజాలు పెట్టి వెనక అసలు సరుకు దించడం వ్యాపారం నాకు నేర్పిన విద్య. గొంతు తగ్గించాను.

“నాలుగు. ఉప్పుగాలికి పిల్లలు ఆపకుంట ఏడుస్తరు. ఐదు. గట్ల ఏడిస్తే కెప్టెన్ వచ్చి దిగుమంటడు.”

“నడి సముద్రంలనా?”

“చిన్న పడవల ఏసి పంపుతరు.”

“మరి తెడ్డు ఎవరేస్తరు?”

ఇది నేను ఆలోచించలేదు. గబగబా ఆరుకు పోయాను. అది నా బ్రహ్మాస్త్రం. “ఆరు. ఓడ ఎక్కినకాడికెల్లి తల్లికి వాంతులే వాంతులు. మంచం దిగదు. పిల్లగాని స్నానం, బువ్వ, నిద్ర అన్నీ తండ్రే సూసుకోవాలె.”

మిగిలినవన్నీ వింది. ఒక్కచోట కూడా భయపడలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

“మంచిగ రాసినవు. గీ ఆరోది శానా ముఖ్యం. ఇయ్యాల్టి సంది అలవాటు జేసుకో” అంటూ జోయల్‌ను నా ఒళ్లో పెట్టింది.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. సలోమి నా మాటకు ఎదురు చెప్పకుండా సరేననడం పెళ్లి రోజున చర్చిలో తప్ప ఎన్నడూ జరగలేదు.

సోమవారం స్నానం. వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయాలి. వాడికి సబ్బు రాశాక వాడు నా చేతుల్లో నిలిచాడా? వాకిలి దాటి, గేటు దాటి, పక్కింటి భూమక్క ముగ్గులో కూర్చున్నాడు. పట్టుకొచ్చేసరికి నాకు పూర్తిగా స్నానమైంది, వాడికి సగమే అయింది. సలోమి కుర్చీలో కూర్చుని చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

“ఏం రాస్తున్నవు?”

“ఏం లేదు. సబ్బు అయిపోయింది, తేవాలె.”

మంగళవారం బువ్వ. పప్పన్నం మెత్తగా పిసికి ‘ఓడ వచ్చే’ అంటూ చెంచా నోటి దాకా తీసుకుపోతే, వాడు దాన్ని తుఫానులా తిప్పికొట్టాడు. బుధవారం నాటికి నాలుగు ముద్దలు తిన్నాడు. ఆమె వంటగదిలోకి పోగానే నోటుబుక్కు తెరిచి చూశాను. ‘స్నానం: మళ్ల చెయ్యాలె. బువ్వ: పాస్’ అని ఉంది.

పాసా? ఎవరు పాస్? దేనికి పాస్? పైగా ఎల్లారెడ్డిలో ఉన్న వాళ్లమ్మ శాంతవ్వతో ఫోనులో గుసగుసలు. నేను గదిలోకి పోగానే, “ఆఁ, టమాటల ధర సగ్గిందట అవ్వా” అని మాట మార్చడం. తాజుద్దీన్ భార్య తాహేరా వచ్చి కూర్చోవడం, ఇద్దరూ నన్ను చూసి నవ్వు ఆపుకోవడం.

తాజుద్దీన్‌కు చెబితే వాడు అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు.

“భాయ్, మా ఇంట్ల గూడ అనుమానంగనే ఉన్నది. రెండు దినాల సంది తాహేరా అడగకుంటనే బిర్యానీ పెడుతున్నది.”

“ఎందుకు?”

“గదే సమజైతలేదు. తినుకుంట ఆలోచిస్తున్న.”

గురువారం సలోమి ఫ్రిజ్ ముందు నిలబడి చదివింది. “ఏడు. ఓడ ఊపుకు తట్టుకునేటట్టు పిల్లగాన్ని ముందుగాల ఊగే బండ్ల తిప్పాలె. ఎల్లారెడ్డి బస్సు ఉన్నది గద, నడువు.”

బస్సు ఎక్కగానే ఆమె ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ల ఉచిత టికెట్టు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. నన్ను, జోయల్‌ను వెనక సీటుకు పంపింది.

“నేను లేననుకో. వాంతులైతున్నయి, మంచం మీద పన్న అనుకో.”

ఊరు దాటాక జోయల్ ఏడుపు అందుకున్నాడు. చెంచా చూపించాను, తాళాలు ఆడించాను, నా ముక్కు వాడి చేతికిచ్చాను. పక్క సీటు ముసలామె, పేరు రాములవ్వట, నన్ను కాసేపు గమనించింది.

“గీ పోరడు నీ కొడుకేనా?”

“అవునవ్వా.”

“తల్లేది?”

ముందుకు చూపించాను. సలోమి కిటికీలోంచి చెట్లు చూస్తోంది. రాములవ్వ బస్సంతా వినపడేలా పిలిచింది. “ఓ బిడ్డా! గీయన నీ పెనిమిటా?”

సలోమి వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “ఎన్నడో చర్చిల జూసినట్టున్నదవ్వా” అని మళ్లీ చెట్లవైపు తిరిగింది.

బస్సులో గుసగుసలు మొదలయ్యాయి. కండక్టరమ్మ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “పిల్లగాడు ఎన్నడు పుట్టిండు? తారీఖు జెప్పు.”

నోరు తెరిచాను. తారీఖు రాలేదు. ఆ రోజు పడ్డ వాన గుర్తుంది, ఆసుపత్రి ముందు నా చెప్పు తెగిపోయింది గుర్తుంది.

“వానల పుట్టిండు” అన్నాను.

“జూసిండ్రా, ఎరుకలేదట!” అంది రాములవ్వ. “బస్సు పోలీస్ స్టేషన్ కాడ ఆపుండ్రి.”

భయానికి ఏం చేయాలో తోచక, లారీలోంచి బస్తాలు దింపేటప్పుడు అరిచినట్టు, వాడి వీపు తడుతూ “ఒకటీ... రెండూ... మూడూ...” అని లెక్కపెట్టాను. ముప్పై దాటేసరికి ఏడుపు తగ్గింది. యాభై రెండో బస్తాకు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నా మెడ పక్కన వాడి ఊపిరి వెచ్చగా తగులుతుంటే, ఇంతకాలం ఇది వదులుకుని నేను ఎక్కడ తిరిగానా అనిపించింది.

“నాయినేలే” అంది రాములవ్వ, కొంచెం నిరాశగా. “లేకుంటే గట్ల పండడు.”

ముందు సీట్లో సలోమి నోటుబుక్కు తీయడం నాకు కనిపించింది.

ఎల్లారెడ్డిలో అత్తగారింట్లో కొత్త చక్రాల పెట్టె ఉంది. “అత్తమ్మా, గీ పెట్టె ఏంది?” అంటే, “పాత బట్టలు పెట్టుకుందమని కొన్న కొడుకా” అంది. పాత బట్టలకు చక్రాలెందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

శనివారం రానే వచ్చింది. సలోమి కంపెనీ కాగితం, పెన్ను తెచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“నువ్వు రాసినయి అన్నీ మంచిగ సదివిన. పిల్లగాన్ని ఓడ ఎక్కించుడు తప్పు.”

నా గుండె ఎగిరి గంతేసింది. “గదే గద నేను జెప్పేది!”

“ఇంట్లనే ఉంచాలె.”

“గంతే!”

“తండ్రి దగ్గర.”

“గం...” అని ఆగిపోయాను.

ఆమె కాగితాన్ని నావైపు తిప్పింది. సలోమి, శాంతవ్వ. రెండు పేర్లూ ముత్యాల్లా రాసి ఉన్నాయి.

“మరి నీకు వాంతులు?”

“అవ్వ ఉన్నది గద, సూసుకుంటది.”

“మరి పిల్లగాడు?”

నోటుబుక్కు తెరిచింది. “స్నానం పాస్. బువ్వ పాస్. నిద్ర, బస్సుల, నేను దగ్గర లేకుంట, పాస్. పాలు మాన్పిచ్చి గూడ నెల దాటె.”

ఇక దాచి లాభం లేదనుకున్నాను. “సలోమీ, గవన్నీ నిజాలు గావు.”

“ఏవి?”

“నాలుగు కాడికెల్లి పదకొండు దాక.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “అబద్ధమైతే ఎందుకు రాసినవు? నన్ను ఇంట్ల కూసోబెట్టి ఎవరితోని పోదమని రాసినవు?”

జోయల్ ఆట ఆపి నా ముఖం చూశాడు.

“నిజమే!” అన్నాను. “అన్నీ నిజమే! వీడియోల చూసిన.”

“కెప్టెన్ పడవల ఏసి పంపుడు గూడ?”

“గది గూడ.”

“మరి గంత ప్రమాదంలకు పిల్లగాన్ని ఎట్ల తీస్కపోత చెప్పు?” అంటూ సంతకం పెట్టింది.

కామారెడ్డి స్టేషన్‌లో చక్రాల పెట్టె నేనే ఎక్కించాను. రైలు కదిలాక, సాగనంపడానికి వచ్చిన తాహేరా నావైపు జాలిగా చూసింది. “అన్నా, మీ దోస్తు తొలి ప్లేటుకే మీ ముచ్చటంత జెప్పిండు. మిగిలిన బిర్యానీ దండుగ.” వెనక నిలబడ్డ తాజుద్దీన్ రైలుపట్టాలు చూస్తూ ఉండిపోయాడు.

ఓడ గోవా చేరిన పూట వీడియో కాల్ వచ్చింది. సలోమి ఫోను తిప్పి నీళ్లు చూపించింది. అలా చూపిస్తూనే ఉంది. మళ్లీ ముఖం కనపడ్డప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను పెళ్లయ్యాక చూడలేదు. పోనీలే, నా పథకం చెడిపోవడమే మంచిదైంది అనుకున్నాను.

ఆమె వెనకనుంచి జోయల్ వయసు పిల్లాడొకడు నవ్వుకుంటూ తప్పటడుగులు వేశాడు.

“వాడెవడు?”

“నాందేడోళ్ల బాబు. ఎక్కినకాడికెల్లి నవ్వుతనే ఉన్నడు. పాపం, వాళ్లకు ఎవ్వలు జాగ్రత్తలు రాసియ్యలేదేమో. మనోన్ని సూపియ్యి.”

జోయల్ ముఖానికి ఫోను పెట్టాను. వాడు అమ్మను చూసి ఒక నవ్వు నవ్వి, గిరుక్కున తిరిగి నా మెడ కరుచుకున్నాడు. సలోమి కళ్లు చిన్నవయ్యాయి.

“నన్ను జూసి నీ దిక్కు తిరుగుడేంది? ఏం పెట్టినవు వానికి?”

నా ఛాతీ పొంగింది. పొంగినవాడు నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు. “నువ్వు యాదికే వస్తలేవు వానికి. నాతోనే తింటడు, నాతోనే పంటడు. ఏం ఫికర్ లేదు, నువ్వు మంచిగ తిరుగు.”

పక్కనుంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఇన్నవా బిడ్డా? అల్లుడే అంటున్నడు ఫికర్ లేదని. ముంబై పక్కన భివండిల నా మరదలు పదేండ్ల సంది రమ్మంటున్నది. ఓడ దిగినంక గక్కడ ఇంకో వారం ఉండిపోదం.”

“అత్తమ్మా, నేను అన్నది...” అంటుండగానే సిగ్నల్ పోయింది. పోయిందో, కట్ చేశారో, నాకిప్పటికీ అనుమానమే.