మక్క ఆకుల మధ్యాహ్నపు సోమరితనంపై విచారణ

పంతొమ్మిది వందల ఎనభై మూడు ఎండాకాలంలో మా వరంగల్లు జిల్లా మొక్కలన్నిటికీ ఒక ఉత్తర్వు జారీ అయింది. మిట్టమధ్యాహ్నం ఏ ఆకూ పని ఆపరాదు! మొక్కలు దాన్ని చదవలేదు. చదువు మీద వాటికి శ్రద్ధ లేదంటూ ఇంకో మెమో వెళ్లింది.

దీనికంతటికీ మూలం పాలకుర్తి దగ్గర మొగిలమ్మ మక్కచేను, అంటే మొక్కజొన్న చేను. గాలి, నీళ్లు తీసుకుని ఎండలో ఆకు తన తిండి తాను వండుకుంటుందని బడిలో మనమూ చదివాం. మొగిలమ్మ ఆకులు పొద్దున బాగానే వండేవి. ఎండ ముదిరితే మాత్రం ఒంట్లో నీరు ఆరిపోకుండా తమ సన్నని రంధ్రాలు మూసుకుని, గాలి కూడా లోపలికి రానీయక చుట్టలు చుట్టుకునేవి. ఈ సోమరితనాన్ని ఆకుకు గాలి కొలిచే యంత్రం తగిలించి మరీ పట్టుకున్న మహానుభావుడు పంటల విచారణ సంఘం అధ్యక్షుడు కిషన్ రావు గారు.

విచారణ సభ చేను దగ్గరే పెట్టారు. పెద్దలకు ఎండ తగలకుండా కాజీపేట నుంచి షామియానా తెప్పించారు. గట్టు ఇరుకు కాబట్టి గుంజలు చేనులోనే పాతారు. నీడన పడ్డ మొక్కలు ఎండ అందక వండటం మానేశాయి. వాటి మీద వేరే కేసు రాసుకున్నారు. పెద్దలొచ్చిన గౌరవానికి ఆ రోజు కరెంటు పోనేలేదు. అయితే ఫ్యాన్లకూ మైకుకూ కావాలని మొగిలమ్మ బాయి మోటరు వైరు పీకి ఇటు తగిలించారు.

మొగిలమ్మ ఉరికొచ్చింది. "సారూ, కంకి పీచు ఏసే యాళ్ల ఇది! ఇయ్యాల నీళ్లు పారకపోతే కంకిల గింజ పడది. ఏడాది తిండి సారూ మాకు. జర ఆ వైరు ఇడువుండ్రి, మీ కాల్మొక్త!"

కిషన్ రావు గారు మైకు సవరించుకున్నారు. "అమ్మా! నీ పంటకు అడ్డమేమిటో తేల్చడానికే మేమింత శ్రమ పడుతున్నాం. తేలకముందే నీళ్లు పెడితే విజ్ఞానశాస్త్రానికి అవమానం!"

చప్పట్లు మోగాయి. భోజనాలయ్యాక సభ్యులు ఫ్యాన్ల కింద కళ్లు మూసుకున్నారు. అది విరామం. ఆకులు చేసేదే సోమరితనం. సాయంత్రానికి లేచి, పంటకు అడ్డం ఆకుల్లో క్రమశిక్షణ లేకపోవడమేనని ఏకగ్రీవంగా తీర్మానించి ఆ ఉత్తర్వు జారీ చేయించారు. షామియానాతో పాటు మోటరు వైరూ బండెక్కింది.

కొన్నాళ్లకు యంత్రంతో మళ్లీ వచ్చారు. చేనులో ఒక్క ఆకూ మధ్యాహ్నం రంధ్రాలు మూసుకోవడం లేదు. అన్నీ ఎండిపోయాయి. ఉత్తర్వు ఫలించినందుకు వరంగల్లు మట్టెవాడలో కిషన్ రావు గారికి ఘనంగా సన్మానం చేశారు. మొగిలమ్మకూ శాలువా కప్పారు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆనందబాష్పాలని మైకులో చెప్పారు.

పాపం అంటున్నారా? ఆ రోజు షామియానా కింద ముందు వరసలో, ఫ్యానుకు ఎదురుగా కూర్చున్నది మీరే కదండీ. ఆ వైరు మీ కుర్చీ కిందనుంచే పోయింది.